‘ఆపండి’ అన్నది మా ఆయనే

మా కంపెనీ రాకెట్లు ఇప్పటికి రెండు లేచాయి. రెండూ సముద్రంలోనే తేలాయి. మూడోది శుక్రవారం పదకొండున్నరలోగా లేవకపోతే, అందులోని ఉపగ్రహాన్ని దించి పెద్ద కంపెనీకి ఇచ్చేస్తామని దాని సొంతదారులు ముందే రాసిచ్చారు. పెద్ద కంపెనీ రాకెట్ బస్సులాంటిది, నలభై ఉపగ్రహాలను ఒకేసారి ఎక్కించుకుని చవగ్గా తీసుకుపోతుంది. మాది టాక్సీ. మాకు ఇంకో బేరం లేదు. ఇది పోతే కంపెనీ మూతపడుతుంది, మా ఊరు టైటస్‌విల్‌లో ఎనభై ఇళ్లకు జీతాలుండవు.

మా ఆయన వెండెల్ ఇంధనం వాల్వులు చూస్తాడు. రెండో రాకెట్ రోజున తెరమీద ఒక అంకె ఆయనకు నచ్చలేదు. అయినా నోరు మెదపలేదు. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పాడు, గిన్నెలు తుడుస్తూ, నా ముఖం చూడకుండా.

వాళ్లకొక పద్ధతుంది. కంట్రోల్ రూములో కుర్చీ ఉన్న ఎవరైనా ‘ఆపండి’ అనొచ్చు. ముందు ఆపుతారు, ఎందుకని తర్వాత అడుగుతారు. ఈ పద్ధతి మా ఇంట్లో పెట్టాలని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను.

శుక్రవారం పొద్దున నది ఒడ్డున మడతకుర్చీలు వేసుకున్నాం. నా పక్కన జొనెల్. ఆమె మొగుడు కర్టిస్ కూడా లోపలే ఉన్నాడు.

“ఈసారైనా పైకి పోతుందంటావా?” అంది.

“పైకి రెండుసార్లూ పోయిందిగా. దిగిరావడమే మన గొడవ.”

పదకొండూ ఇరవై రెండు. రాకెట్ లేవడానికి ఇంకా నలభై సెకన్లున్నాయనగా రేడియోలో “ఆపండి. వాల్వు,” అని వినిపించింది. గొంతు మా ఆయనది.

“మీ ఆయనకేం పొయ్యేకాలమే?” అంది జొనెల్.

మళ్లీ మొదలెట్టాలంటే ఇరవై నిమిషాలు కావాలి. మాకున్నవి ఎనిమిది.

సోమవారం వాల్వు విప్పారు. డైరెక్టర్ మార్వెల్లా దాన్ని బల్లమీద పెట్టించి, అందరి ముందూ నలభైసార్లు తెరిపించి మూయించింది. నలభైసార్లూ బుద్ధిగా పనిచేసింది. చెడింది అది ఎంత చల్లగా ఉందో తెరమీద అంకెగా చూపే సెన్సర్, బటానీ గింజంత ముక్క. అప్పటికే ఉపగ్రహం లారీ ఎక్కేసింది.

“నువ్వు చేసింది సరైన పనే వెండెల్,” అంది మార్వెల్లా. తిట్టినా బాగుండేదని ఆయన ఇంటికొచ్చి అన్నాడు.

నెలాఖరున అందరూ గుర్తింపుకార్డులు ఇచ్చేశారు. మాకు ఒకటే కారు కాబట్టి నేను గేటు దగ్గర ఎదురుచూస్తున్నాను. కర్టిస్ మా ఆయన వెంటే వచ్చాడు.

“ఒరేయ్, ఒక్కటి అడుగుతా. మళ్లీ అదే అంకె కనబడితే?”

“ఆపుతాను.”

కర్టిస్ చెయ్యి చాచబోయి, జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పెద్ద కంపెనీకి పెట్టుకునే దరఖాస్తు ఇప్పుడు మా వంటింటి బల్లమీద ఉంది. పేరు, చదువు, అనుభవం అన్నీ నింపాడు. ‘గత ఉద్యోగం పోవడానికి కారణం’ అన్న గడి వారంనుంచీ ఖాళీగానే ఉంది.