కంపెనీ పేరు పెట్టుకున్నదెవరు?

హెచ్చార్ గదిలో ముత్యమ్మను కూర్చోమని ఎవరూ అనలేదు. బయట గేటు దగ్గర, ఆమెతోపాటు పనిచేసే సుకుమారి ఎండలో నిలబడి ఉంది. పొద్దున్నే సుకుమారి మెడలోని కంపెనీ కార్డు లాగేసుకున్నారు. నిన్న ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ల జీతాలు ఖాతాల్లో పడ్డాయి, గంటలోనే మాయమయ్యాయి. ముత్యమ్మ ఖాతాలో నలభై రూపాయలు మిగిలాయి.

పోయిన వారం సూపర్‌వైజర్ మహేష్ హుకుం జారీ చేశాడు. సెలవైనా, జీతం చీటీ అయినా ఇక ఫోన్‌లోనేనట. ఫోన్‌లోని యాప్ స్టోర్‌లో కంపెనీ పేరు కొట్టి యాప్ ఎక్కించుకోవాలి, లేకపోతే సోమవారం గేటు దాటనివ్వరు. షిఫ్టు బస్సులో ఇంగ్లీషు చదవగలిగేది సుకుమారి ఒక్కతే. ముత్తంగిలో బస్సెక్కి బొల్లారంలో దిగేలోపు అందరి ఫోన్లలోనూ ఆమే ఎక్కించింది. కంపెనీ పేరు, గుర్తు కనిపించగానే ముత్యమ్మ ఫోన్‌ను కళ్లకద్దుకుంది. అన్నం పెట్టే పేరు కదా! ఆ యాప్ ఆధార్ అడిగితే ఇచ్చింది, బ్యాంకు కార్డు నంబరు అడిగితే ఇచ్చింది, మెసేజీలు చదవనివ్వమన్నా, ఇంకేం అడిగినా సరేనని నొక్కింది.

"ఒక్క మాట చెప్తే సాలు ముత్యమ్మా," అన్నాడు మహేష్. "సుకుమారే మమ్ముల మోసం జేసిందని చెప్పు. నీకు అడ్వాన్సు ఇప్పిస్త."

"గామె ఏం జేసింది సారూ? ఎక్కిచ్చుకోమన్నది మీరే గదా."

"మనది ఎక్కిచ్చుకోమన్న. దొంగది గాదు."

"దొంగదని ఎట్ల ఎర్కైతది? పేరు మీదే, గుర్తు మీదే."

హెచ్చార్ ఆఫీసర్ ఇంద్రజ కంప్యూటర్ మీంచి తలెత్తింది. "మహేష్ మీకు చెప్పేనాటికి మన యాప్ స్టోర్‌లో పెట్టనే లేదమ్మా. ప్రతి యాప్‌కీ లోపల చిరునామాలాంటి పేరొకటుంటుంది. ఎవడో మన కంపెనీ పేరే అందులో రాసుకున్నాడు. ఇంకెవరైనా వాడుకున్నారా అని మాత్రమే స్టోర్ వాళ్లు చూస్తారు, అది నీదేనా అని అడగరు. ఇవాళ మనది పెట్టబోతే, ఆ పేరు ఇంకొకరు తీసేసుకున్నారు పొమ్మన్నారు."

ముత్యమ్మ బల్ల దగ్గరికి జరిగింది.

"పొద్దుగాల గేటు కాడ వాచ్‌మన్ యాదన్న నా కార్డు సూసిండు, మిషన్ల వేలు పెట్టిచ్చిండు, టిఫిన్ డబ్బ మూత గూడ తీయిచ్చిండు. ఏడేండ్ల సంది ఎర్కున్నోడే! నా పేరు నాదేనని నేను దినాం సూపియ్యాలె. అంత పెద్ద దుకాణపోడు ఒక్కపారి అడగడా మేడం, ఈ పేరు నీకెక్కడిదిరా అని?"

"లక్షల యాప్‌లొస్తాయి. అందర్నీ అడిగితే ఆలస్యమవుతుందంటారు."

"మేం దినాం లైన్ల నిలవడ్తలేమా? మాకు ఆలస్యం కాదా?"

ముత్యమ్మ కిటికీలోంచి ఎండలో ఉన్న సుకుమారిని చూసింది. దేవుడి ముందైనా ఫలానా గోత్రం, ఫలానా పేరు అని చెప్పుకుని నిలబడే మనుషులం. ఎవడి పేరైనా ఎవడైనా తగిలించుకోగలిగే ఆ అంగడిలో దోషం మాత్రం చదువుకున్న ఆ ఒక్క పిల్లదెట్లా అయింది?

మహేష్ ఫోన్ ఎత్తి ఆమెను వీడియో తీయసాగాడు. "ముచ్చట్లు బంద్ జెయ్. సుకుమారి పేరు చెప్పు, జల్దీ."

ముత్యమ్మ కొంగు సవరించుకుంది. "నా పేరు ముత్యమ్మ. మహేష్ సారు ఎక్కిచ్చుకోమన్నడు, ఎక్కిచ్చుకున్నం. సుకుమారిది ఏం తప్పు లేదు."

మహేష్ చటుక్కున వీడియో ఆపేశాడు. "నీకు నౌకరి ఉండాల్నా వద్దా?" అని మళ్లీ మొదలుపెట్టాడు.

ఆమె మళ్లీ అదే చెప్పింది.