పిట్టల సాళ్లు

ఉచ్చీరమ్మ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. కట్టుకున్న మారెప్పను సంతకు పంపినా, తిరిగొచ్చాక సంచి బోర్లించి చూస్తుంది. అలాంటి మనిషి చేలో ఎవరో పిల్ల నిలబడి ఫొటోలు తీస్తోందంటే ఊరుకుంటుందా? కొంగు బిగించి గట్టు మీదుగా పరుగులాంటి నడకతో వచ్చింది.

కోసిగి దాటాక దారి పక్కనే వాళ్ల మూడున్నర ఎకరాల జొన్నచేను. కంకులు గట్టిపడ్డాయి. ఆ పిల్ల దారి వెంబడి ఉన్న నాలుగు సాళ్లనే వంగి వంగి చూస్తోంది.

"యాడనుంచి వచ్చినావు పాపా? ఏం పని నీకు ఈడ?"

"ఆదోని నుంచి పెద్దమ్మా. నా పేరు సుధ. ఈ నాలుగు సాళ్లు మీరు కొయ్యరంట కదా, ఎవరికోసం?"

ఆ సంగతి నిజమే. అత్త కాలం నుంచీ అంతే. చేనంతా కళ్లానికి పోతుంది, దారి పక్క నాలుగు సాళ్లు మాత్రం పిట్టలవి. పిట్టలు తినగా మిగిలిన కంకులను లేనివాళ్లు విరుచుకోవచ్చు. అదీ ఒడి నిండినంతే, గంప తేకూడదు. చేను గలవాళ్లు వాటి మీద కొడవలి పెట్టకూడదు. పొయ్యి ఎందుకు వెలిగిస్తావని ఎవరూ అడగనట్టే, ఇది ఎందుకని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. ఈ పిల్ల అడిగిందంటే ఏదో ఉందన్నమాట.

"రైతులు పంట ఒక్కటే కాదు పెద్దమ్మా, పిట్టలకూ ఊరికీ ఇంకా ఎన్నో ఇస్తారు. వాటికి ఎవరూ విలువ కట్టలేదు. మేం కట్టాలని చూస్తాండాము" అంది సుధ. "ఈ సాళ్లకు ఎవరెవరు వస్తారు? ఊరికే లెక్క కోసం అడుగుతాండా, ఇంక వదలొద్దు అంటే, ఎంతిస్తే మానుకుంటావు?"

ఉచ్చీరమ్మ కొంగు ఇంకాస్త బిగించింది. వెల అడిగినవాళ్లు కొనడానికి కాక ఎందుకు అడుగుతారు? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

అప్పుడే ఆమెకు చౌడమ్మ గుర్తొచ్చింది. పక్క ఊరి చౌడమ్మ, పోనీలే పాపం అని, చేను మధ్యలోంచి నలుగురినీ నడవనిచ్చింది. కొలతలకు వచ్చినవాళ్లు అది అందరూ నడిచే దారేనా అని అడిగారు. అవునంది పిచ్చిది. ఇప్పుడు కాగితాల్లో అది దారి. చౌడమ్మ అక్కడ మడక కట్టి దున్నడానికి లేదు. మంచితనానికి పోతే మన్ను పోయింది.

"ఎవురూ రారు" అంది ఉచ్చీరమ్మ గట్టిగా. "పిట్టల్ని గూడా తోల్తాను. కూలోళ్లు దొరక్క నిలబెట్టినాం, అంతే."

"మారెప్ప పెదనాయన వేరేగా చెప్పినాడే?"

"ఆయప్పకు మతి లేదు."

సుధ నమ్మలేదు. కానీ నవ్వింది. "సోమవారం మా పెద్దసారును తోడుకొని వస్తాను, ఒకసారి చూస్తాడు" అని బండెక్కింది.

పెద్దసారు! పిల్లను పంపి కూపీ లాగి, ఇప్పుడు పెద్దవాడే దిగుతున్నాడన్నమాట.

ఇంటికి పోయి మారెప్పను కడిగేసింది. ఎవరడిగితే వాళ్లకు ఇంటి గుట్టంతా చెప్పేస్తావా అంది. అతను తల గోక్కున్నాడు.

"ఆ పాప అడిగింది, సెప్పినాను. దాంట్లో ఏముందిమ్మే?"

"అందరూ తింటారని రాసుకుంటే అందరిదీ అయిపోతాది. చౌడమ్మది అయిపోలా? ఆ సాళ్లు కోసేస్తాను."

మారెప్ప లేచి నిలబడ్డాడు. "అవి పిట్టల నోటికాడివి. మా అమ్మ పాణం పోయేటప్పుడు గూడా వాటి గురించే సెప్పింది."

"చేను పోతే పిట్టలకేం పెడ్తావు?"

మారెప్ప తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఆదివారం పొద్దున్నే ఉచ్చీరమ్మ ఒక్కతే కొడవలి పట్టుకుపోయింది. మొదటి జొన్నకర్రను పట్టుకుని, నన్ను తిట్టుకోవద్దత్తా అని పైకే అంది. ఒక సాలు కోసేసరికి ఏడుపొచ్చింది. రెండో సాలుకు ఆ ఏడుపు సుధ మీద కోపమైంది, ఆ కోపంతోనే మిగతా రెండూ నరికేసింది. గోరువంకలు వచ్చి, వాలడానికి చోటు లేక, దారికి అవతలి తుమ్మచెట్ల వైపు పోయాయి. తర్వాత కంప లాక్కొచ్చి దారి పొడుగునా చేనుకు అడ్డం వేసింది. అరచేతుల నిండా ముళ్లు దిగాయి.

సోమవారం జీపు వచ్చింది. నెరిసిన జుట్టు పెద్దసారు దిగి, కోసిన మోళ్లనూ పచ్చి కంపనూ చూసి, సుధ వైపు తిరిగాడు. సుధ మొహం వాడిపోయింది.

"మా వల్లనే కోసినావా పెద్దమ్మా? దీంట్లో నీ పేరు గూడా లేదు. సర్వే నెంబరు లేదు. చూడు కావాలంటే" అని చేతిలోని పలక లాంటి ఫోను ముందుకు పెట్టింది.

ఉచ్చీరమ్మకు చదువు రాదు. చదువురాని దానికి రాత చూపించడం కూడా మోసంలో ఒక రకమే అనుకుంది. "కూలోళ్లు దొరికినారు, కోసినాం" అంది. సుధ ఏదో రాసుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. జీపు కనుమరుగయ్యాక ఉచ్చీరమ్మ హమ్మయ్య అనుకుని, చేనంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది. చేను దక్కింది.

మర్నాడు ఊళ్లో కూలికి పోయే హులిగెమ్మ వచ్చింది. తోటి కూలివాళ్లంతా మిరపకాయలు కొయ్యడానికి గుంటూరు వైపు పోయారు. మోకాళ్లు పట్టేసి తను ఆగిపోయింది. ఏటా వస్తుంది, ఒడి నింపుకుంటుంది, చేను చల్లగుండాలని ఒక మాట అని పోతుంది. ఈసారి కంప ముందు ఆగి, కొంగును సగం విప్పి, మళ్లీ చుట్టుకుంది.

ఉచ్చీరమ్మ చూసి గబగబా వచ్చింది. "ఇంటికి రా హులిగీ, కళ్లంలో ఉండాయి, చేటెడు పోస్తాను."

"వద్దులేక్కా. నువ్విస్తే అడుక్కున్నట్టయితాది. పిట్టలు మిగిల్చింది తింటే ఎవురికీ లొంగినట్టు గాదు." హులిగెమ్మ కంప వైపే చూస్తోంది. గొంతు తగ్గించి అడిగింది. "నిన్న జీపులో వచ్చినోళ్లు ఎంతిచ్చినారక్కా, ఇవి కొయ్యడానికి?"

"ఎవురూ ఏమీ ఇయ్యలేదే!"

"ఊళ్లో అందరూ అనుకుంటాండారు. నాతో సెప్తే ఏమైతాది?"

"నా బిడ్డల మీద ఒట్టు, పైసా ఇయ్యలేదు!"

హులిగెమ్మ తలూపింది. నమ్మినట్టు లేదు. "ఊరికే ఎవురన్నా పిట్టల సాళ్లు కోస్తారా అక్కా" అని, మోకాళ్లు పట్టుకుంటూ వచ్చిన దారినే పోయింది.

ఉచ్చీరమ్మ కంప పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఇదే మాట ఇంకొకరు ఒట్టేసి చెప్పి ఉంటే, తనూ నమ్మేది కాదు.