నార్సిసా అడుగులు

పొద్దున్న ఎనిమిదింటికల్లా ఓపల్ పాత కాగితాల గది తాళం తీసి, పాత రికార్డుల ఫిల్ము రీలు చూసే యంత్రం మీద గుడ్డ దులిపి, కాఫీ పెట్టుకుని, ఎవరొస్తారా అని కూచునేది. ఎవరో ఒకరు వచ్చేవాళ్ళు. ఒహాయో నుంచో టెక్సస్ నుంచో కారేసుకొచ్చి, మా ముత్తవ్వ చెరోకీ రాజకుమారి అని మొదలుపెట్టేవాళ్ళు. చెరోకీ తెగ ఆదివాసుల్లో రాజులే లేరు, రాజకుమార్తెలు ఎక్కణ్ణించి ఊడిపడతారు? ఓపల్ ఆ మాట పైకి అనేది కాదు. ఆవిడ పేరేమిటి, ఏ వాగు పక్కన ఉండేది, ఎవర్ని చేసుకుంది అని నెమ్మదిగా అడిగేది.

నూరేళ్ళ కిందట ప్రభుత్వం వాళ్ళు చెరోకీల ఉమ్మడి నేలని ముక్కలు చేసి పంచుతూ, ఇంటింటికీ ఒక కార్డు రాశారు. రక్తం వల్ల చెరోకీలైన వాళ్ళని ఒక జాబితాలో, పెళ్ళి వల్ల వచ్చిన తెల్లవాళ్ళని మరో జాబితాలో వేశారు. ఆ కార్డులన్నీ ఓపల్‌కి కంఠతా వచ్చినట్టే. ఎక్కడెక్కడి వాళ్ళకో చుట్టాల్ని వెతికి చేతిలో పెట్టి, సాయంత్రం ఇంటికెళ్ళి, ఒక్క కంచం కడిగి బోర్లించుకునేది. మొగుడు పోయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి.

తన సొంతవాళ్ళ కార్డు కూడా చూసుకుంది, ఒకసారి కాదు, వందసార్లు. తాత, అంటే అమ్మ తండ్రి, రక్తం వల్ల చెరోకీ. అందుకని ఓపల్ చెరోకీ అవునా కాదా అన్న పేచీ లేదు, పర్సులో గుర్తింపు కార్డు కూడా ఉంది. పేచీ అంతా అమ్మమ్మతోనే. అమ్మమ్మ నార్సిసా పేరెదురుగా గుమాస్తా చక్కని దస్తూరీతో, పెళ్ళి వల్ల వచ్చిన తెల్ల స్త్రీ అని రాశాడు. తల్లి పేరు దగ్గర, చెప్పలేదు అని రాశాడు.

చెరోకీలకి వంశం తల్లి నుంచి వస్తుంది. ఏడే వంశాలు. అమ్మమ్మ తెల్లావిడైతే అమ్మకి వంశం లేదు, అమ్మకి లేకపోతే ఓపల్‌కీ లేదు. కొండ అవతల, తెగవాళ్ళు రాత్రంతా నాట్యమాడే ఆట బయలులో, మధ్యన నిప్పు, నిప్పు చుట్టూ ఏడు వంశాలకీ ఏడు పందిళ్ళు. వంశం ఉన్నవాళ్ళు తమ పందిట్లోకి పోయి కూచుంటారు. లేనివాళ్ళు కార్ల పక్కన కుర్చీలేసుకుంటారు. ఓపల్ నలభై ఏళ్ళుగా మడత కుర్చీ వేసుకుంటోంది. ఎవరూ ఒక్క మాట అనరు. దుంపల పులుసు తెచ్చిస్తారు, దుప్పటి కావాలా అని అడుగుతారు. చుట్టాన్ని చూసినట్టు చూస్తారు. అదే ఆవిడకి గుచ్చుకునేది. సొంత మనిషికి ఎవరైనా దుప్పటి కావాలా అని అడుగుతారా, మీద పడేస్తారు గాని.

నార్సిసా చనిపోయిన ఏడాది నుంచీ, చలి విరిగే రోజుల్లో, ఇప్పుడు ఓపల్ ఉంటున్న ఆవిడ ఇంటి మెట్ల కింద అడవి ఉల్లి మొలిచేది. గుబురుగా కాదు, అడుగులుగా. కుడి పాదం, ఎడమ పాదం, మళ్ళీ కుడి. ఎడమ పాదం కాస్త బయటికి తిరిగి ఉండేది, నార్సిసా బతికున్నన్నాళ్ళూ అలాగే నడిచేది గనక. మడమ దగ్గర ఉల్లి ఒత్తుగా, వేళ్ళ దగ్గర పలచగా. వాగు పక్కనున్న చర్చిలో ఏటా ఉల్లి విందు జరిగేది. గుడ్ల పొరటులోకి ఉల్లి ఎంతైనా చాలదు. నార్సిసా లేచిందట పదండి అని ఆడవాళ్ళు ఐదారుగురు స్క్రూడ్రైవర్లూ పాత కత్తులూ పట్టుకొచ్చి, మెట్ల దగ్గర్నుంచి కంచె దాకా మొలిచినవన్నీ తవ్వుకుని, వరండాలో కూచుని మన్ను దులిపి, పొట్టు తీసి, ఊళ్ళో కబుర్లన్నీ తిరగేసి వెళ్ళేవాళ్ళు. ఓపల్‌కి ఏడాది మొత్తంలో ఇల్లు నిండేది ఆ రెండు మూడు రోజులే.

ఆ ఆడవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఒకావిడ తల్సా పట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. ఈ ఏడు చర్చివాళ్ళు, ఉల్లి బజార్లో కొనేశాం, నువ్వు శ్రమ పడకు అని ఫోను చేసి చెప్పారు. ఓపల్ సరేనంది. ఫోను పెట్టేసి, మెట్ల మీద కూచుని ఆ అడుగుల్ని చూసింది. ఒక్కదానికి ఎన్ని ఉల్లికాడలు కావాలి? తవ్వబుద్ధి కాలేదు. వదిలేసింది.

మర్నాటికి కంచె అవతల ఇంకో రెండు అడుగులు మొలిచాయి.

అరవై ఏళ్ళకి పైగా ఊరంతా కలిసి ఆవిడ నడకని తవ్వుకుని తినేశారని ఓపల్‌కి అప్పుడు తట్టింది. కత్తి పడని ఆ ఏడు నార్సిసా ఆగలేదు. రోజుకి పది పన్నెండు అడుగులతో మొదలుపెట్టి, వాన పడ్డాక వందలు వేసింది. మట్టి రోడ్డు దాటింది. చర్చి పక్కనుంచి, లోపలికి వెళ్ళకుండా, పోయింది. రోడ్డు చదును చేసే బండి డ్రైవరు బండి దిగి చూసి, పెద్దావిడ నడుస్తున్న చోట నేనెందుకు అని పక్కనుంచి పోయాడు. ఓపల్ రోజూ పని అయ్యాక, అడుగులు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడిదాకా తోడు నడిచి, చీకటి పడకముందే తిరిగొచ్చేది. అమ్మమ్మతో ఆవిడకి అదే మొదటి పరిచయం. ఆవిడ పోయేనాటికి ఓపల్ ఉయ్యాల్లో ఉంది.

మూడు వారాలకి జెన్సీ స్క్విరెల్ ఫోను చేసింది. జెన్సీకి ఎనభై నాలుగు. ఆట బయలులో దుప్పి వంశం పందిట్లో ఆవిడ మాటే మాట.

"ఏమే ఓపల్, మీ అమ్మమ్మ నా పెరట్లోకొచ్చి నిలబడింది. పొరటు చేసుకోనా, వదిలెయ్యనా?"

"వదిలెయ్యండమ్మా, ఇప్పుడే వస్తున్నా."

జెన్సీ పెరట్లో ఒక పాత ఇంటి పొగగొట్టం ఉంది. ఇల్లు ఎప్పుడో కూలిపోయింది, రాళ్ళ పొగగొట్టమూ గడప రాయీ మిగిలాయి. అడుగులు ఆ గడప రాయి దాకా వచ్చి ఆగాయి. రెండు పాదాలూ జతగా, వేళ్ళు లోపలివైపుకి. గడప దాటలేదు.

అది ఎవరిల్లని ఓపల్ అడిగింది. తన అమ్మమ్మ అక్క వాలీదని జెన్సీ చెప్పింది. నేల ముక్కలు చెయ్యడమేంటి, మనుషుల్ని కాగితం మీదెక్కించడమేంటి అని, ప్రభుత్వం వాళ్ళు వచ్చినప్పుడల్లా పిల్లాజెల్లాతో అడవిలోకి పోయేదట. నా పేరు ఆ కాగితంలో పెట్టినవాళ్ళు నాకేమీ కారు అనేదట.

 మర్నాడు ఓపల్ కాగితాల గది తలుపు తీసీ తియ్యగానే వాలీ కార్డు బయటికి తీసింది. ఈ కార్డునీ ఎన్నోసార్లు చూసింది, ఎవరెవరి కోసమో. రావడానికి నిరాకరించారు, వివరాలు ఇరుగుపొరుగు చెప్పినవి అని ఉంది. కింద, ఒక కూతురు, పెళ్ళయి వెళ్ళిపోయింది, పేరు తెలియదు.

ఆ కార్డునీ నార్సిసా కార్డునీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకదానిలో తల్లి పేరు లేదు. ఒకదానిలో కూతురి పేరు లేదు. ముప్ఫై ఏళ్ళుగా రెండూ ఒకే బీరువాలో, రెండు అరల్లో ఉన్నాయి. ఓపల్ గుమాస్తా రాసింది నమ్మింది. తెల్లావిడ అని రాశాక, ఆవిడ తల్లిని చెరోకీల్లో వెతకాలని తోచలేదు. నీ తల్లెవరు అని అడిగితే చెప్పకుండా, తెల్లదానివా అంటే కాదనకుండా, వాళ్ళు రాసుకున్నదానికి తలవంచి వచ్చేసింది నార్సిసా. తల్లి పేరు కాగితం మీద పడనివ్వలేదు. సొంత కూతురికి కూడా చెప్పలేదు.

సాయంత్రం ఆ రెండు కాగితాల నకళ్ళూ పట్టుకుని జెన్సీ ఇంటికెళ్ళింది. జెన్సీ కళ్ళద్దాలు పెట్టుకోలేదు.

"కాయితం నీ దగ్గరే ఉంచుకో. మా వాలీకి అవి పడవు." కర్రతో పొగగొట్టం వైపు చూపించింది. "ఉల్లి మొలిచే రోజుల్లో వాలీ తలుపు వెయ్యనిచ్చేది కాదట. చలేస్తోందని మా అమ్మమ్మ తిట్టినా సరే. ఎవరొస్తారని అంటే పలికేది కాదట. కూతురు ఆ రోజుల్లోనే వెళ్ళిందట మరి."

 ఆ కూతురు నార్సిసాయే అని గాని, కాదని గాని జెన్సీ అనలేదు. ఓపల్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చింది. ఆ రాత్రి కంచం కూడా కడగలేదు.

అడుగులు గడప ముందు నాలుగు రోజులు నిలబడ్డాయి. ఐదో రోజున వెనక్కి తిరిగాయి. ఇంటివైపు కాదు, కొండ వైపు.

ఆ ఏటి మొదటి ఆటకి, పొద్దు వాలుతుండగా, ఓపల్ ఎప్పట్లాగే కార్ల పక్కన మడత కుర్చీ వేసింది. నిప్పు అప్పుడే రాజేస్తున్నారు. పిల్లలు దేన్నో తొక్కకుండా చుట్టూ తిరిగి పరుగెడుతున్నారు. ఓపల్ మెడ చాచి చూసింది. ఉల్లి అడుగులు బయలు అంచునుంచి వచ్చి, ఒక్కో పందిరినీ దాటుకుంటూ, దుప్పి వంశం పందిరి ముందు ఆగాయి. జతగా, వేళ్ళు నిప్పు వైపుకి, పందిట్లోని బల్లకి వీపు పెట్టి. కూచోబోయే మనిషి నిలబడ్డట్టు.

ఓపల్ కుర్చీలోంచి లేవలేదు. పిలవకుండా ఎలా వెళ్తుంది?  చేతులు ఒళ్ళో పెట్టుకుని, నలభై ఏళ్ళుగా చూస్తున్నట్టే దూరం నుంచి చూస్తూ కూచుంది.

జెన్సీ కర్ర పోటేసుకుంటూ అంత దూరమూ నడిచొచ్చింది. వచ్చి, మడత కుర్చీ వంక ఎగాదిగా చూసింది.

"మూడు రోజుల్నించి నిలబడే ఉంది మీ అమ్మమ్మ. నువ్వు కూచోందే ఆవిడ కూచోదు. ముసలావిణ్ణి ఎంతసేపలా నిలబెడతావే?"

"నన్ను..." అంది ఓపల్. 

"మీ అమ్మకి నేను చెల్లెలి వరస. నీకు పిన్నిని. లే."

ఓపల్ లేచింది. నిప్పు చుట్టూ తిరిగి, పందిట్లోకి వెళ్ళి, ఆ అడుగుల వెనక బల్ల మీద కూచుంది. పక్కనున్న ఆవిడ ఏమీ అడక్కుండా కాస్త జరిగి, తన దుప్పటి కొస తీసి ఓపల్ మోకాళ్ళ మీద పడేసింది.

కాళ్ళ దగ్గర ఉల్లికాడలు మెల్లిగా వాలి, నేల మీద పడుకున్నాయి.