చుక్కలు ఎవరివి

టీవీ తెర అంచున ఉన్న దీపాల వెలుగును తెరంతా సమంగా పరిచే ప్లాస్టిక్ పలక అది. దాన్ని ఎదుటి కంపెనీ దొంగిలించిందని వేసిన పేటెంటు దావా ఆరేళ్లుగా నడుస్తోంది. దావా వేసిన కంపెనీ తరఫున, పలకను రూపొందించిన ఇంజనీరమ్మ సాక్ష్యానికి రావడం ఇది నాలుగోసారి. చెప్పిందే చెప్పి ఆవిడ నోరు అరిగిపోయింది.

ఎదుటి పక్షం సాక్షి ఒకప్పుడు ఆవిడ పక్క బల్ల దగ్గర పనిచేసి, తర్వాత ఎదుటి కంపెనీలో చేరినవాడే. పలక గుట్టు ఎత్తుకెళ్లింది అతనేనని ఆరోపణ. ల్యాబులో అందరూ బక్కోడు అనేవారు. ఇప్పుడు బొజ్జ వచ్చింది. కోర్టు గది బయట బెంచీ మీద ఆవిడ పక్కనే చతికిలబడ్డాడు.

"మోకాళ్లెలా ఉన్నాయక్కా?"

"మెట్లెక్కితే తెలుస్తుంది. నీ షుగరో?"

"అదీ వాయిదాల మీదే నడుస్తోంది."

లోపల ఎదుటి పక్షం లాయరు ఆవిడను అడిగాడు. "పలక మీద వెలుగును బయటికి చిమ్మే చుక్కలను దీపాలకు దగ్గర పలచగా, దూరం పోయేకొద్దీ ఒత్తుగా వేయాలన్న ఆలోచన ఎవరిది?"

ఇదివరకు మూడుసార్లూ "మా బృందానిది" అని తప్పించుకుంది. ఈసారి ఆ మాట అనే ఓపిక లేకపోయింది.

"ఎదురుగా కూర్చున్నాడే, అతనిదే. నేను లెక్కలు కట్టానంతే. దరఖాస్తులో అతని పేరూ రాశాను. ఉద్యోగం మానేశాడని మా మేనేజరు ఆ పేరు కొట్టేశాడు."

ఆవిడ లాయరు పెన్ను కింద పెట్టేశాడు. బక్కోడు తల దించుకుని కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

నెల తిరక్కుండా కంపెనీలు రాజీపడ్డాయి. పేటెంటులో అతని పేరు చేరింది. అప్పటికి అలాంటి పలకల వాడకమే తగ్గిపోయింది. ఆ కాగితం పట్టుకుని అతను ఆవిడ ఇంటికొచ్చాడు.

"ఇప్పుడు దీన్నేం చేసుకుంటావురా?"

"మా అమ్మకు చూపిస్తానక్కా. ఆరేళ్లుగా కొడుకు దొంగన్న మాట వింటోంది."

ఆవిడ తలుపు బార్లా తీసి లోపలికి రమ్మంది.