ఉత్త చెమ్మనే

తడి సంగతిలో కట్టమ్మకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. గుప్పెట్లో వడ్లు పట్టి పిసికితే చాలు, చెమ్మగా ఉన్నాయో, తడిశాయో, నానాయో, నాని ముద్దయ్యాయో ఇట్టే చెప్పేస్తుంది. పెద్దవంగర చుట్టుపక్కల కళ్లాల్లో ఒకప్పుడు ఆమె మాటే మాట. ఇప్పుడా పెద్దరికమంతా అరచేయంత మిషన్ లాగేసుకుంది. దానికి తెలిసింది తేమ అన్న ఒక్క మాటే. పదిహేడు శాతం దాటితే కాంటా వెయ్యరు.

కొనుగోలు కేంద్రంలో ఆమె యాసంగి పంటంతా ఒక్క కుప్పగా ఉంది. పక్క కుప్ప సాంబయ్య మబ్బులు చూసి ముందే చెప్పాడు.

"అక్కా, ఇది పల్లం. జర గడ్డకు ఎత్తుదాం పా. నేను గూడ ఎత్తుతున్న."

"రేపు నాదే సీరియల్ గద తమ్మీ. జాగ ఇడిస్తె ఇంకొకలు నడుమ సొరవడ్తరు."

వరుస కోసం కుప్ప ముందు పెట్టిన చెప్పుల జతను కూడా ఆమె కదపలేదు. పదకొండు రోజులు కాపలా కాసిన వంతు మరి.

సాయంత్రం వాన దంచికొట్టింది. పైన టార్పాలిన్ కప్పింది గానీ నీళ్లు కింది నుంచి వచ్చాయి. చేటతో తోడింది, కొంగుతో అద్దింది. రెండు చేతులతో ఏ వానను ఆపగలదు?

తెల్లారి, కేంద్రం నడిపే మహిళా సంఘం సుగుణ మిషన్ పట్టుకుని వచ్చింది. కట్టమ్మ పైపైన ఏరిన గుప్పెడు వడ్లు అందించింది.

"ఉత్త చెమ్మనే బిడ్డా."

తడి గురించి ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఆమెకే సిగ్గేసింది.

సుగుణ మోచేతి దాకా కుప్పలోకి చెయ్యి పోనిచ్చి అడుగు వడ్లు తీసింది. మిషన్ ఇరవై ఎనిమిది చూపింది.

"నా చేతుల ఏమున్నదవ్వా. ఆరవెట్టు, మళ్ల చూస్త" అని, చెప్పుల జతను తీసుకెళ్లి వరుస చివర పెట్టింది.

ఆరబెట్టడానికి ఎండేది? మూడు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు కట్టమ్మ టార్పాలిన్ ఎత్తితే వెచ్చటి ఆవిరి ముఖానికి కొట్టింది. కుప్ప నిండా తెల్లటి మొలకలు.

"ఎట్లున్నయక్కా?" సాంబయ్య దగ్గరికొచ్చి అడిగాడు.

దీనికి ఆమె దగ్గర మాట లేదు. ఏడుపొచ్చింది. ఈ యాసంగి నారుమడి సగం మొలవక రెండోసారి అలికింది. ఇక్కడ మాత్రం ఒక్క గింజ తప్పలేదు.