అర్మేనియన్ తెలిసిన మనిషి

రెజిమెంటల్ బజార్‌లో అనువాదాల ఆఫీసు నడిపే విజయేందర్, ఎవరు ఏ భాష అడిగినా ముందు ‘ఉంది’ అనేసి, ఆ తర్వాత మనుషుల కోసం వెతుక్కుంటాడు. బేగంపేటలోని ఒక ఆసుపత్రివాళ్లు అర్మేనియన్ అడిగినప్పుడూ అంతే.

అక్కడ మోకాలి ఆపరేషన్‌కి అర్మేనియా నుంచి వచ్చిన ఆనుష్ అనే ముసలావిడ ఆఖరి నిమిషంలో అడ్డం తిరిగింది. తోడొచ్చిన చెల్లెలికీ ఇంగ్లీషు రాదు. ఫోన్లో అనువాదం యాప్ పెట్టి ముందుంచితే, ఆవిడ ఆ ఫోన్ని దిండు కిందికి తోసేసింది.

విజయేందర్ ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చాడు. ఇరవై భాషలు వచ్చునన్న ఒక మహానుభావుడు అనువాదం నమూనా పంపాడు. అక్షరాలు జిలేబీల్లా ముచ్చటగా ఉన్నాయని విజయేందర్ దాన్నే ఆసుపత్రికి పంపాడు. అక్కాచెల్లెళ్లు చూసి మొహం చిట్లించారు. అది జార్జియన్ అట.

“సార్, మీ దగ్గర నిజంగ మనుషులున్నరా?” అని ఆసుపత్రి మేనేజర్ వసుధ ఫోన్లో అడిగింది.

అప్పుడు విజయేందర్ భార్య కల్పలత ఒక దారి చెప్పింది. మన తెలుగు పిల్లలు డాక్టరీ చదవడానికి అర్మేనియా పోతారు కదా, వాళ్లనడగమంది. అడిగితే, అక్కడ చదివొచ్చిన డాక్టర్లందరూ తమకు రొట్టె కొనుక్కునేంత భాషే వచ్చన్నారు. ఒకడు మాత్రం నవ్వి, చదువు మధ్యలో మానేసి వచ్చిన దుర్గేష్ నంబరిచ్చాడు. అక్కడ కాలేజీలో కంటే, అద్దెకున్న ఇంటి యజమానురాలి వంటింట్లోనే ఎక్కువ కనపడేవాడట.

“ఆవిడ దగ్గర చీవాట్లు తింటూ నేర్చుకున్నానండి. మర్యాదగా మాట్లాడ్డం రాదు,” అన్నాడు దుర్గేష్.

“తిట్లు సుత అర్మేనియన్లనే గదా తమ్మీ, నడువ్,” అన్నాడు విజయేందర్.

ఆసుపత్రి గదిలో దుర్గేష్ ఏదో గట్టిగా అన్నాడు. ఆనుష్ లేచి కూర్చుని అంతకంటే గట్టిగా అందుకుంది. విజయేందర్ మెల్లగా తలుపు వైపు జరిగాడు. ఇంతలో చెల్లెలు పకపకా నవ్వింది.

“మోకాలి గురించి కాదండి,” దుర్గేష్ డాక్టర్ వైపు తిరిగాడు. “పక్క గదిలో తలకి ఆపరేషనైన ఆయన్ని చూసిందట. తనకీ గుండు కొడతారని భయపడుతోంది.”

జుట్టు ముట్టుకోబోమని డాక్టర్ మాటిచ్చాడు. ఆవిడ ఒప్పుకుంది.

“ఇంతకూ నువ్వేమన్నవ్?” బయటికొచ్చాక విజయేందర్ అడిగాడు.

“అక్కడ మా ఇంటి ఓనరమ్మ నన్ననే మాటేనండి. గాడిదా, భయమేస్తే నోరు తెరిచి చెప్పు, మొహం ముడుచుకుంటే ఎవరికి తెలుస్తుందీ అని.”

ఆపరేషన్ బాగా జరిగింది. దుర్గేష్ వస్తే తప్ప ఆనుష్ మంచం దిగనంది. వరండాలో ఇద్దరూ అరుచుకుంటూ నడుస్తుంటే పేషెంట్లు తలుపులు తీసి చూసేవారు. గొంతు తగ్గించమని చెప్పమంది వసుధ. దుర్గేష్ చెప్పాడు. దానికి ఆవిడ ఇచ్చిన జవాబును మాత్రం, వసుధ ఎంత అడిగినా, అనువదించలేదు.