మొదటి వరస

"పదకొండున్నరకే పని అయిపోతే సాయంత్రం ఆరింటిదాకా ఎక్కడున్నావ్?"

మూత పెట్టబోతున్న క్యారేజీ వెంకటదుర్గ చేతిలోనే ఆగింది. భర్త తాతాజీ పట్టుకున్నవి, ఆవిడ భీమవరం ల్యాబు నుంచి సరిచూసుకోవడానికి తెచ్చుకున్న కాగితాలు. పరీక్షకి రొయ్యల చెరువుల నీళ్ళ సీసా వచ్చినప్పుడల్లా ఆవిడ ఆ వివరాలు కంప్యూటర్లో ఒక వరసగా ఎక్కిస్తుంది. తేదీ, టైము డేటాబేసు తనంతట తనే వేసుకుంటుంది. ఏ రోజుకారోజు చివరి వరస చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. 11:28. 11:30. 11:25. బండి తాళాలెక్కడున్నాయో రోజూ పెళ్ళాన్నే అడిగే మనిషి, నెల్లాళ్ళ వరసలు ఎంత ఓపిగ్గా చదివాడో!

"సీసాలు తెచ్చే ఆ దొరబాబు కూడా పదకొండున్నరకే దిగిపోతాడా? ఇంక చాల్లే. రేపట్నుంచి మానెయ్."

సంగతేమిటో వెంకటదుర్గకి చూడగానే అర్థమైంది. ఆ చిన్న డేటాబేసు టైముని గ్రీన్‌విచ్ లెక్కన దాచుకుంటుంది, మనకంటే ఐదున్నర గంటలు వెనక. బయటికి తీసేటప్పుడు మన టైములోకి మార్చి ఇమ్మని అడగాలి. ఈసారి తొందరలో అడగడం మర్చిపోయింది. సాయంత్రం ఐదు గంటలు కాస్తా పదకొండున్నరగా అచ్చయింది.

ఈ ముక్క చెబితే గొడవ తీరిపోతుంది. "ముందే చెప్పొచ్చుగా" అని కాఫీ అడుగుతాడు. వచ్చే నెల కాగితాలకి ఎర్ర పెన్ను మళ్ళీ సిద్ధంగా ఉంటుంది. ఒళ్ళు మండిపోయింది ఆవిడకి. పదకొండేళ్ళు కాపురం చేసి, తనని అడక్కుండా కాగితాన్ని అడిగాడు. పోనీ ఆ కాగితమైనా పూర్తిగా చదివాడా?

"అందులో ఏదో ఒక రోజు మొదటి వరస చదవండి," అంది.

"నాలుగూ పది. తెల్లవారుజాము."

"ఆ టైముకి నేనెక్కడున్నానండి?"

"ఎక్కడుంటావ్? ఇంట్లో పడుకునుంటావ్." అంటూనే కాగితంకేసి మళ్ళీ చూసుకున్నాడు. ఆ టైముకే ల్యాబులో సీసా ఎక్కించినట్టుంది అందులో.

పెళ్ళయిన కొత్తలో అత్తగారు శ్యామలాంబ అంది: "నిద్ర చెడితే వాడికి తలనొప్పమ్మా. నువ్వు లేచినట్టు తెలియకూడదు." అప్పట్నుంచి రోజూ నాలుగింటికి లేచి, వంటింటి తలుపు మూసి, మోత రాకుండా గ్రైండరు కింద గోనెపట్టా మడిచి వేసి పిండి రుబ్బుతోంది. ఇందాక ఆయన తిన్న ఇడ్లీలు నిన్న అలా రుబ్బిన పిండివే.

గ్రీన్‌విచ్ సంగతి వెంకటదుర్గ చెప్పలేదు. క్యారేజీ మూత బిగించి బల్లమీద పెట్టింది. బ్యాగు భుజాన తగిలించుకుంది.

"ఉద్యోగం మాననండి. రేపట్నుంచి గ్రైండరు వేసేటప్పుడు తలుపు మూయను."